పన్నెండు టపాకాయలు, ఒక కొర్రీ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా వెనక నన్ను ‘కొర్రీల మేడమ్’ అనేవాళ్లు. నా ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ పేరు నా చెవిన పడలేదనుకుంటే పొరపాటే. పడింది. పైకి చిరాకు చూపించినా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. కొర్రీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఎవరైనా ఇది చదువుతుంటే చెబుతాను: కింది ఆఫీసు నుంచి వచ్చిన ఫైలు ముందుకు కదలకుండా మేం తగిలించే అభ్యంతరం. ఫలానా కాగితం లేదు, ఫలానా సంతకం సరిగా లేదు, ఫలానా విషయం స్పష్టం చేయగలరు అని రాసి ఫైలును వచ్చిన దారినే వెనక్కి పంపడం.

మా కార్యాలయం మదనపల్లెలో. ప్రభుత్వ పని చేస్తూ దెబ్బతిన్నవాళ్ల పరిహారం ఫైళ్లు మా సెక్షన్‌కు వచ్చేవి. స్తంభం మీది నుంచి పడ్డ లైన్‌మన్, ఘాట్‌రోడ్డులో బ్రేకు పడక లోయ అంచున ఆగిన బస్సు డ్రైవరు, మురుగు కాల్వలో గాజుపెంకు దిగి కాలు తీయించుకున్న కార్మికురాలు, ఇలా రకరకాల మనుషులు. ఫైలు ఎంత లావున్నా దాని ప్రాణమంతా ఒక్క ప్రశ్నలో ఉండేది. ఆ మనిషి పనిలో ఉండగా, ఆ పని వల్లే దెబ్బ తిన్నాడా, లేదా? అవునంటే పరిహారం. కాదంటే ఖాళీ చేతులు. ఆ అవునుకూ కాదుకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని నేను.

మా సెక్షన్‌లో ఒక ఆచారం ఉండేది. ఏ రూలు పుస్తకంలోనూ లేదు, కానీ రూలు కంటే గట్టిది. మొదటిసారి వచ్చిన ఏ ఫైలూ కొర్రీ లేకుండా పైకి పోకూడదు. పోతే సెక్షన్ నిద్రపోతున్నట్టు లెక్క. ఒకసారి ఒక ఫైలులో అన్ని కాగితాలూ సరిగ్గా ఉంటే, అన్నీ ఇంత సరిగ్గా ఎలా ఉన్నాయో వివరించగలరు అని రాశాను. నవ్వకండి. దానికి సమాధానం కూడా వచ్చింది.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ పుంగనూరులో మా ఇంటికి వస్తారు. మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి మేడమ్ అంటారు. నేను గెలిచిన కేసు చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం నేను తప్పు రాసిన కేసు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

ఆ ఫైలు కుప్పం వైపు నుంచి వచ్చింది. రామకుప్పం మండలంలో అడవిని ఆనుకుని ఒక పల్లె. అక్కడి మనిషి ఒకడు అటవీ శాఖలో తాత్కాలిక పద్ధతి మీద ఏనుగుల ట్రాకరుగా పనిచేస్తున్నాడు. ఏనుగుల మంద ఎక్కడుందో అడుగుజాడలు పట్టుకుని కనిపెట్టడం, పల్లెలకు ముందే కబురు చేయడం, పంటల్లో పడితే టపాకాయలు పేల్చి అడవిలోకి మళ్లించడం అతని పని. ఒక రోజు ఉదయం ఏనుగు తోసేయడంతో అతని తుంటి విరిగింది. కుప్పంలో ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. ఎడమకాలు ఇక పూర్తిగా నిలవదని డాక్టర్లు రాశారు.

ఫైలులో ఉన్న ప్రమాద నివేదిక ఒక్క పేజీ. దాన్ని రాసింది ఆ ప్రాంతపు అటవీ బీటు ఆఫీసరు. సమయం: ఉదయం ఆరున్నర. స్థలం: గాయపడిన వ్యక్తి సొంత పొలం. ముందు రోజు ఇచ్చిన టపాకాయలు: పన్నెండు. వాడినవి: లేవు. మిగిలినవి: పన్నెండు.

ఆ పేజీ చదవగానే నా కళ్లు మెరిశాయి. దొంగ దొరికాడు అనుకున్నాను. మామూలుగా నాలుగు కొర్రీలు వేసేదాన్ని, ఆ రోజు ఒక్కటే వేశాను, అది చాలనిపించింది. “ఏనుగులను తరమడం ఇతని విధి. అందుకోసం ఇచ్చిన టపాకాయల్లో ఒక్కటి కూడా పేల్చలేదు. ప్రమాద సమయంలో సొంత పంట వద్ద ఉన్నాడు. కనుక విధి నిర్వహణలో కాక, సొంత పంటను కాపాడుకునేందుకు వెళ్లినట్లు భావించాల్సి ఉంది.” భావించాల్సి ఉంది అన్న మాట మా కచేరీలు కనిపెట్టిన గొప్ప ఆయుధం. ఎవరు భావిస్తున్నారో అందులో ఉండదు.

మా సూపరింటెండెంటు గారు మదనపల్లెలోనే మిషన్ ఆసుపత్రి కాంపౌండులో పుట్టి పెరిగినవారు. వాళ్లమ్మ అక్కడ నర్సు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. అనాల్సి వస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఫైలులో నేను రాసిన ఆ నోటు చదివి కళ్లద్దాలు తీశారు.

“నోటు కడిగిన ముత్యం మాదిరి ఉందమ్మా. నువ్వెప్పుడైనా ఏనుగును చూసినావా?” అన్నారు.

“సర్కస్‌లో చూశాను సార్.”

“నేనూ అంతే” అని నవ్వి సంతకం పెట్టారు. పైన మా ఆఫీసరు గారూ పెట్టారు. తిరస్కరిస్తూ ఉత్తరం పోయింది.

ఆ ఉత్తరంతో ఏం పోతుందో నాకు తెలుసు, తెలియక రాసింది కాదు. పని వల్ల తగిలిన దెబ్బ అని తేలితే పరిహారంతో పాటు కూర్చుని చేసుకునే పని ఏదైనా చూపిస్తారు. తేలకపోతే పేరు కొట్టేస్తారు. తుంటి విరిగినవాడు అడవిలో నడవలేడు కదా. అన్నీ తెలిసి, ఆ సాయంత్రం పుంగనూరు బస్టాండులో దిగి, చౌడేపల్లె నుంచి వచ్చిన బీరకాయలు బేరమాడి కొనుక్కుని ఇంటికి పోయాను. అన్నం బాగానే తిన్నాను.

కొన్ని రోజులకు అతని భార్య మా ఆఫీసుకు వచ్చింది. పొద్దున్నే కుప్పంలో బయల్దేరి, రెండు బస్సులు మారి, మధ్యాహ్నం అన్నాల వేళకు నా బల్ల ముందర నిలబడింది. నలభై ఏళ్లుంటాయేమో. ఎండకు కమిలిన మనిషి. చేతిలో మా ఉత్తరం, నాలుగు మడతలు.

“ఈ కాగితం రాసింది ఎవురు మేడమ్?”

“ఏం కావాలమ్మా నీకు?”

“మాకు సదువు రాదు. పక్కింటోళ్ల సేత సదివించుకున్నాము. మా ఇంటాయన సొంత సేనికి కాపలా పోయినాడని రాసుండారంట. నిజమేనా? అట్లే రాసుండారా?”

రాసింది నేనే అనడానికి నోరు రాలేదు. “ఆఫీసు రాసిందమ్మా” అన్నాను.

“ఆఫీసు మా సేను సూడలేదు గదా మేడమ్.”

ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. ఏడుస్తారు, కాళ్లు పట్టుకుంటారు, తిడతారు. ఈమె ఆ మూడింటిలో ఏదీ చేయలేదు. బల్ల అంచు మీద ఉత్తరం పెట్టి, మడతలు చేత్తో సాపు చేస్తూ చెప్పింది.

“మూణ్ణెల్లు దాటిపోయింది. సేను అట్లే పెట్టుండాను. మడక కట్టలేదు. ఉలవలు సల్లే అదును పోయింది. దున్నవేమే, పిచ్చిదానివా అని ఊర్లో అందురూ అంటాండారు. ఎవురో ఒగరు వచ్చి సూస్తారని పెట్టుండాను. మీరు వచ్చి సూడండి. సూసినాక కూడా ఇదే రాస్తామంటే రాసుకోండి. మళ్లా రాను.”

ఫైలు ముగిసింది, ఇక పైకి అప్పీలు చేసుకోవడమే అని చెప్పబోయాను. ఇంతలో పక్క బల్ల దగ్గర సూపరింటెండెంటు గారు కళ్లద్దాలు తీయడం కనిపించింది.

“తనిఖీకి పోయే వీలు రూల్సులో ఉంది కదమ్మా. నువ్వు రాసిన నోటే, నువ్వే చూసి రా” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఒక ముక్క చేను చూడటానికి మదనపల్లె నుంచి రామకుప్పం దాకానా? మా సెక్షన్‌లో తనిఖీకి పోయినవాళ్లను నేను చూడలేదు. కాగితం మన దగ్గరికి రావాలి గానీ మనం కాగితం దగ్గరికి పోవడమేమిటి?

పోయాను. ఆ పైవారమే పొద్దున చీకటి విడవకముందే పుంగనూరులో బస్సెక్కాను. కుప్పంలో బీటు ఆఫీసరు జీపు తెచ్చి ఎదురుచూస్తున్నాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాని కుర్రాడు. నన్ను చూడగానే కొంచెం భయపడ్డట్టు కనిపించాడు. దారిలో నెమ్మదిగా అడిగాను.

“ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలుసా?”

“నేను పొయ్యేటప్పటికి ఆయప్పను మంచం మీద ఏసుకోని మోసుకొస్తాండారు మేడమ్. జరిగింది తర్వాత ఆయప్పే సెప్పినాడు.”

“చెబితే మరి రాయలేదేం? సొంత పొలం, టపాకాయలు పన్నెండు, అంతేనా రాసేది?”

అతను గేరు మార్చాడు.

“ఫారంలో ఉండే గళ్లు నింపినాను. ఆయప్ప ఏం జేసినాడు అనే గడి ల్యా. ఇంగో పేజీ రాద్దామనుకుంటి గానీ మా పెద్ద సార్లు వద్దన్నారు. మదనపల్లెకు ఎంత ఎక్కువ రాస్తే అన్ని కొర్రీలొస్తాయి, గళ్లు నింపి ఊరుకో అన్నారు. ఆడ కొర్రీల మేడమ్ ఉండాది అని...” అంటూ సగంలో నాలుక కరుచుకున్నాడు.

నేను నిజం కోసం వేస్తున్నాననుకున్న కొర్రీలు కింద అందరికీ ఒకటే పాఠం నేర్పాయి, నిజం వీలైనంత తక్కువ రాయమని. నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా గురించి నాకు తెలిసిన అతి పెద్ద సంగతి ఆ జీపులో తెలిసింది.

చేను అడవి అంచున ఏటవాలుగా ఉంది. ఎగువన ఏనుగులు రాకుండా తవ్విన కందకం, సోలారు కంచె. ఒకచోట కందకం పూడిపోయి, కంచెలో సందు. కుడివైపు నిలువునా రాళ్లగుట్ట. ఎడమవైపు లోతైన వంక. దిగువన మట్టిబాట, బాటకు అవతల టమాటా తోట. చుట్టుపక్కల చేలన్నీ దున్ని పచ్చగా ఉలవ మొలిచి ఉన్నాయి. ఈ ఒక్క చేను మాత్రం రోలర్ తిప్పినట్టు నేలకు అణగిపోయి, ఎండి, బూడిద రంగులో ఉంది. అంగుళం కూడా నిలబడి లేదు.

ట్రాకరు రెండు చంకకర్రల మీద ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి. వెనక భార్య. అతను నాకు దండం పెట్టి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా నేల చూపించాడు. ఆ రోజు తడినేల మీద పడ్డ అడుగులు మూడు నెలల ఎండకు ఇటుకలా గట్టిపడి అలాగే ఉన్నాయి. నా వంటింట్లోని పెద్ద పళ్లెం పెడితే సరిపోయేంత గుండ్రంగా.

“ఇది తల్లిది మేడమ్. ముందరికాలు” అంటూ మొలలోంచి ఒక తాడు తీశాడు. భార్య ఆ అడుగు చుట్టూ తాడు పరిచి కొలత పట్టుకుంది. “దీనికి రెండింతలు కట్టండి. అదే దాని ఎత్తు.” బీటు ఆఫీసరు కర్ర నిలబెట్టి, తాడును రెండింతలు చేసి పైకి చాపాడు. నన్ను పక్కన నిలబడమన్నారు. తాడు నా తల దాటి మూడు జానలు పైకి పోయింది. సర్కస్‌లో కుర్చీలో కూర్చుని చూసిన ఏనుగు వేరు. లేని ఏనుగు పక్కన నిలబడి తల పైకెత్తి చూస్తే కలిగే భయం వేరు.

“మొత్తం ఐదు. ఒగటి బిడ్డ” అన్నాడు. “రాత్రంతా వాటెనకే ఉంటి. లద్దె పొగలు కక్కతాండాది, అంటే దెగ్గిర్లోనే ఉండాయని తెలుస్తానే ఉండాది. తెల్లారే టయానికి ఆ సందులో దూరి మా సేన్లో పడినాయి. నేను వాటెనకాల, ఆ పైన ఉండాను.”

నేను నా కొర్రీ బయటికి తీశాను. నా కొర్రీ మీద నాకు ఇంకా కొంచెం నమ్మకముంది. “పైన ఉన్నావు, టపాకాయలు ఉన్నాయి. ఎందుకు పేల్చలేదు?”

అతను కోప్పడలేదు. బడిలో పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “మీరు ఈడికి రండి. ఈ అడుగులో నిలబడండి.”

తల్లి ఏనుగు అడుగులో నిలబడ్డాను. నా రెండు పాదాలూ పట్టి ఇంకా చోటు మిగిలింది.

“మీ ముందర మీ బిడ్డ మేస్తాండాది అనుకోండి. కుడిపక్క గుట్ట, ఎక్కలేరు. ఎడంపక్క వంక, బిడ్డ దిగల్యాదు. ఇంగ సూడండి.” బీటు ఆఫీసరు వైపు చెయ్యి ఊపాడు. ఎగువన కందకం దగ్గరికి పోయిన ఆ కుర్రాడు రెండు రేకులు ఒకదానితో ఒకటి ధనధనమని కొట్టి, గట్టిగా అరిచాడు.

అది వస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆలోచించే లోపల నా కాళ్లు దిగువకు నాలుగడుగులు పరుగెత్తాయి. ఆగి చూసుకుంటే నా ఎదురుగా మట్టిబాట, బాట అవతల టమాటా తోట.

“అద్దో, ఆడ ఆ పొద్దు టమాటాలు కోసేదానికి ముప్పైమంది ఆడోళ్లు ఉండారు మేడమ్” అన్నాడు ట్రాకరు. “మార్కెట్టు లారీకి అందల్లని తెల్లారకముందే దిగినారు. వంగి కోసుకుంటాండారు. ఏనుగులు ఉండాయని వాళ్లకు తెలీదు.”

అతను చెబుతూ పోయాడు. పైనుంచి పేలిస్తే మంద కిందికి, ఆ ఆడవాళ్ల మీదికి. పోనీ చుట్టూ తిరిగి కిందికి వచ్చి పేలిస్తే? పైన ఉన్నది ఒకే సందు. బిడ్డను మధ్యలో వేసుకుని ఐదూ ఒక్కసారి దూరలేవు. దూరలేకపోతే వెనక్కి తిరుగుతాయి. తిరిగితే మళ్లీ కిందికే. ఫోను చేద్దామంటే ఆ గుట్ట చాటున సిగ్నల్ ఉండదు. అందుకని వంకలో దిగి, పాకుతూ చుట్టూ తిరిగి, దిగువ గెనిమ మీదికి వచ్చి నిలబడ్డాడు. గెనిమ అంటే మా వైపు చేని గట్టు. అక్కడి నుంచి ఆ ఆడవాళ్లకు చేతులు ఊపి, నోటి మీద వేలు పెట్టి, ఒక్కొక్కరినే పంపించాడు. చప్పుడు లేకుండా, పరుగు లేకుండా, బుట్టలు ఎక్కడివక్కడ వదిలేసి. అది పూర్తయ్యేసరికి అరగంట పైన పట్టింది.

“అంతసేపు ఏనుగులు కదలకుండా ఉన్నాయా?”

“తినే ఏనుగు యాడికీ పోదు మేడమ్. రాగి గింజ పాలుపట్టి ఉండాది, దానికి అంతకంటే ఏం గావల్ల? తిననిస్తే కడుపు నిండినాక వచ్చిన దోవనే నిదానంగా పోతాది. అయిపొయ్యేదాకా తిననీయల్ల, అంతే.”

అణగిపోయిన ఆ చేను వైపు మళ్లీ చూశాను. సొంత పంటను కాపాడుకునేందుకు వెళ్లినట్లు భావించాల్సి ఉంది. ఆ వాక్యం రాసిన చెయ్యి నాదే. పంటను కాపాడుకున్నవాడి చేను ఇలా ఉంటుందా? చుట్టూ అందరూ పంట కోసుకుని మళ్లీ విత్తుకున్నారు, అతనిది ఒక్కటే నేలమట్టమైంది. ఆ సంగతి తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఆ పన్నెండు టపాకాయలూ పన్నెండుసార్లు అతని చేతిలోకి వచ్చి, పన్నెండుసార్లూ మొలలోకి తిరిగి పోయి ఉంటాయి. ఇన్ని చదువులు చదివిన నేను వాటిని లెక్కపెట్టి, పని చేయలేదని రాశాను.

“మరి దెబ్బ ఎలా తగిలింది?”

“ఆకరామె తోట దాటి పోయింది. సరే ఇంగ నేనూ పోదామనుకుంటి. బిడ్డ ఆడుకుంటా నా దెగ్గిరికి వచ్చేసింది. ఎనిక్కి అడుగేస్తే గెనిమ మింద కాలు జారి పడితి. తల్లి వచ్చింది. తొండంతో తోసింది. అంతే మేడమ్. తొక్కల్లంటే తొక్కుండును. తొక్కలా.” ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో కోపం కాదు, మెచ్చుకోలు ఉంది. “బిడ్డతల్లి గదా, దాని పని అది జేసింది.”

ఆ మధ్యాహ్నమే, ఏనుగులు వచ్చిన రోజు టమాటాలు కోసిన ముఠాలో ఒక ముసలామెను పక్క పల్లెలో వెతికి పట్టుకున్నాం. అంతా విని, “ఆయప్ప సెయ్యి అట్ల ఎత్తుకోనే ఉండాడు, దించనే లేదు. నేనే ఆకరున పొయ్యింది, నా మోకాళ్లు రావు గదా” అంది. మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదేమని అడిగాను. “మమ్మల్ని అడిగిందెవురు?” అని వేలిముద్ర వేసింది.

జీపెక్కబోతుంటే ట్రాకరు భార్య నా దగ్గరికి వచ్చింది.

“ఇంగ దున్నుకోమంటారా మేడమ్?”

సాక్ష్యం అంటే ఆ చేనే. రేపు ఎవరైనా మళ్లీ చూడాలంటే? ఫైలు ఇంకా గెలవలేదు, పైన ఏమంటారో తెలియదు. నాలుగు ఫొటోలు తీసుకున్నాను గానీ, ఫొటోకు ఎన్ని కొర్రీలు వేయవచ్చో నాకంటే ఎవరికి తెలుసు? అయినా ఇంకొక్క రోజు ఆమెను ఆపే ముఖం నాకు లేదు. “దున్నుకోమ్మా. చూసింది నేను, చెప్పేదీ నేనే” అన్నాను. అలా చెప్పే అధికారం నాకు లేదు. అప్పటిదాకా అధికారం లేని మాట ఒక్కటీ అన్నదాన్ని కాదు.

మదనపల్లెకు వచ్చి కొత్త నోటు రాశాను. కొత్త ఆధారాలు వెలుగులోకి వచ్చినందున అని మొదలుపెట్టడం మా ఆఫీసు మర్యాద. అలా అంటే ఎవరి పొరపాటూ ఉండదు. నేను మాత్రం “నా మునుపటి నోటు తప్పు” అని మొదలుపెట్టాను. సూపరింటెండెంటు గారు అది చదివి ఈసారి కళ్లద్దాలు తీయలేదు. “ఈ ఆఫీసులో ఇట్లా మొదలయ్యే కాగితం చూడటం ఇదే మొదటిసారమ్మా” అని సంతకం పెట్టి, తనే పైకి పట్టుకుపోయారు.

మా ఆఫీసరు గారు చెడ్డవారు కాదు, జాగ్రత్తపరులు. సొంత పొలం అనే మాట ఫైలులో ఎక్కి కూర్చుంది, ఒకసారి తిరస్కరించినదాన్ని మళ్లీ ఒప్పుకుంటే రేపు పైవాళ్లు నన్నడుగుతారు, ఆ మనిషిని నేను స్వయంగా వింటాను అన్నారు. కబురు పంపారు.

ఆ రోజు వాళ్లిద్దరూ మా ఆఫీసు మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది. కింద ఉన్న గదిలోనే విచారణ పెట్టమని అడగాలని నాకు తోచలేదు. తోచని సంగతులు ఇంకా చాలానే ఉన్నాయి, అది ఒకటి. ఆఫీసరు గారు అంతా విన్నారు. నోటు చూశారు, ఫొటోలు చూశారు, ముసలామె వేలిముద్ర చూశారు. తర్వాత నెమ్మదిగా ఒక ప్రశ్న వేశారు.

“ఒక్కటి చెప్పు. ఆ చేను నీది కాకుండా ఇంకొకరిదైతే? అప్పుడు కూడా టపాకాయలు పేల్చకుండా అట్లనే నిలబడేవాడివా?”

ఆ ప్రశ్నకు ఒకటే సరైన జవాబు. ఎవరి చేనైనా అదే చేసేవాణ్ని సార్, అది నా డ్యూటీ. అంతే అనాలి. అంటే పని అయిపోతుంది. సొంత పొలం అన్న మాట ఆవిరైపోతుంది. అనవయ్యా అని మనసులో మొక్కుకున్నాను.

ట్రాకరు చంకకర్రలు సర్దుకున్నాడు.

“తెలీదు సార్” అన్నాడు.

“తెలీదంటే?”

“ఇంగొకరిదయితే వాళ్లనడగల్ల గదా. వాళ్ల కడుపుకూడు పోతాంటే సూస్తా నిలబడేదానికి నాకేం హక్కుండాది? అడిగొచ్చేలోపల ఏమయ్యుండునో. మాది గాబట్టి సరిపాయ. అడగాల్సిన మనిషి ఆడ్నే ఉండాది.”

ఆఫీసరు గారు అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య వైపు చూశారు. నేనూ చూశాను. అంతదాకా ఆమెను ఆ రోజు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని అప్పుడు తెలిసింది నాకు. ఆఫీసుకు వచ్చినప్పుడూ అడగలేదు, చేని దగ్గరా అడగలేదు. ఏ గడిలోనూ ఆమె లేదు.

“నువ్వు కూడా ఉన్నావా అమ్మా ఆ పొద్దు?”

“ఉండాను సార్. వంక గట్టు మింద. సేను కాపలాకని నేనే పోయింటి.”

“ఏనుగులు వస్తే ఏం చేద్దామని?”

“డబ్బా ఉండాది సార్ సేతిలో. రేకు డబ్బా. కట్టె తీసుకోని కొడితే రెండూళ్లకు ఇనపడతాది. కొడదామని కట్టె ఎత్తినాను. ఆయప్ప కింద గెనిమ మింద నుంచి నా తట్టు సూసి సెయ్యెత్తినాడు.”

“కారణం చెప్పినాడా?”

“యాడ సార్? మాట్లాడితే ఏనుగులకు ఇనపడదా. ఆడోళ్లుండేది నాకు కనపడదు, నడాన రాగి ఇంత ఎత్తుండాది. యాల వద్దంటాండాడో తెలీదు. ఆరు నెల్ల సంగటి సార్, నా కండ్ల ముందరే పోతాండాది. బో కోపమొచ్చింది. ఇంగా ఉండాది.”

ఆఫీసరు గారి గొంతు తగ్గింది. “మరి ఏం చేసినావమ్మా?”

“ఆయప్ప సెయ్యి దించలా సార్” అంది. “డబ్బా కింద పెట్టేసినాను.”

ఆఫీసరు గారు నా వైపు తిరిగి, రాయండి అన్నారు. పనిలో ఉండగా, పని వల్ల కలిగిన గాయం అని చెప్పారు. కాగితం దగ్గరికి లాక్కున్నాను. ఎవరు పనిలో ఉండగా అని రాయాల్సిన చోట, అతనిదా, ఆమెదా, ఏ పేరు పెట్టాలో నా చేతికి ఒక్క క్షణం తెలియలేదు.